50 మంత్రివర్గాలు, ఒకే పార్టీ: యుద్ధం తరువాతి ఇటలీ

1947 మే నెలాఖరులో రోమ్ నగరంలో కొత్త మంత్రివర్గం కొలువుదీరింది. ప్రధాని కార్యాలయంలో సహాయ మంత్రిగా 28 ఏళ్ల యువకుడొకడు చేరాడు. పేరు జూలియో ఆంద్రెయోత్తి. తరువాతి కాలంలో ఆయన హోం, ఆర్థిక, రక్షణ, విదేశాంగ శాఖలు చూశాడు, ఏడుసార్లు ప్రధాని అయ్యాడు. 1992 జూన్‌లో ఆయన ఏడో మంత్రివర్గం దిగిపోయేనాటికి వయసు 73. మధ్యలో గడిచినవి 45 ఏళ్లు. అంతకాలమూ ఇటలీలో ప్రభుత్వాలు పడిపోతూనే ఉన్నాయి, ఆంద్రెయోత్తి మాత్రం దాదాపు ఎప్పుడూ ఏదో ఒక కుర్చీలో కనిపిస్తూనే ఉన్నాడు.

1946 జూలై నుంచి 1994 మే వరకు లెక్క వేస్తే ఆ దేశాన్ని పాలించిన మంత్రివర్గాలు 50. సగటున ఒక్కోదాని ఆయుష్షు ఏడాదికి కొంచెం తక్కువ. ఇటలీలో మళ్లీ సంక్షోభం అన్న వార్త చదివి, అదొక నిలకడ లేని దేశమనీ అక్కడి నాయకులకు కుదురు తక్కువనీ తీర్మానించుకోవడం లోకమంతటా అలవాటైపోయింది. ఆ జాబితానే మరోసారి చదివితే వేరే సంగతి బయటపడుతుంది. ఆ 50లో క్రిస్టియన్ డెమోక్రాటిక్ పార్టీ లేని మంత్రివర్గం ఒక్కటీ లేదు. 1981 దాకా ప్రధాని పదవి ఆ పార్టీ గడప దాటలేదు. ఇక దేశంలో రెండో పెద్ద పార్టీ అయిన కమ్యూనిస్టు పార్టీకి, నాలుగు ఓట్లలో ఒకటి, ఒక దశలో మూడింటిలో ఒకటి పడుతున్నా, 1947 తరువాత ఒక్క మంత్రి పదవీ దక్కలేదు.

ఈ రెండు సంగతులనూ విడివిడిగా చూసినంతకాలం ఇటలీ అర్థం కాదు. అక్కడ మంత్రివర్గాలు అంత తరచుగా కూలడానికి అసలు కారణం అధికారం చేతులు మారే దారి మూసుకుపోవడమే. ఆ దారిని ఎవరు మూశారు, ఎందుకు మూశారు, దానికి దేశం ఏ ధర చెల్లించింది అన్నదే ఈ వ్యాసం.

కలిసి కట్టిన ఇల్లు

1946 జూన్ 2న ఇటలీ ప్రజలు రెండు ఓట్లు వేశారు. ఒకటి రాజు ఉండాలా, గణతంత్రం కావాలా అని. రెండోది రాజ్యాంగ సభకు. జాతీయ స్థాయిలో స్త్రీలు ఓటు వేయడం అదే మొదటిసారి. గణతంత్రానికి 54 శాతం, రాజరికానికి 46 శాతం పడ్డాయి. ఉత్తరాది గణతంత్రాన్ని కోరుకుంది. దక్షిణాది రాజువైపు నిలిచింది, నేపుల్స్‌లో అయితే అయిదింట నాలుగు వంతుల ఓట్లు రాజుకే. దేశం రెండు మనసులతో ఉందని తొలి రోజే తేలిపోయింది.

రాజ్యాంగ సభలోని 556 మందిలో మూడు పెద్ద కుటుంబాలు ఉన్నాయి. 35 శాతం ఓట్లతో క్రిస్టియన్ డెమోక్రాట్లు, 21 శాతంతో సోషలిస్టులు, 19 శాతంతో కమ్యూనిస్టులు. ఫాసిజానికి వ్యతిరేకంగా కొండల్లో, కర్మాగారాల్లో, జైళ్లలో కలిసి పోరాడిన జ్ఞాపకం ఇంకా పచ్చిగా ఉంది. క్రిస్టియన్ డెమోక్రాట్ల నాయకుడు ఆల్చిదే దె గాస్పెరి ఆస్ట్రియా ఏలుబడిలోని త్రెంతీనో ప్రాంతంలో పుట్టి, వియన్నా పార్లమెంటులో సభ్యుడిగా పనిచేసి, ఫాసిస్టు కాలంలో చాలా ఏళ్లు వాటికన్ గ్రంథాలయంలో చిన్న ఉద్యోగం చేసుకుంటూ గడిపినవాడు. కమ్యూనిస్టుల నాయకుడు పాల్మీరో తొల్యాత్తి మాస్కో ప్రవాసం నుంచి 1944లో తిరిగొచ్చి, విప్లవాన్ని పక్కనపెట్టి అందరితో కలిసి ప్రభుత్వంలో చేరదామని సొంత పార్టీనే ఒప్పించినవాడు. కాథలిక్ మతసంస్థతో ముస్సోలినీ చేసుకున్న ఒప్పందాలకు కొత్త రాజ్యాంగంలో చోటు ఇవ్వాలన్నప్పుడు, సోషలిస్టులు కాదన్నా తొల్యాత్తి అనుకూలంగా ఓటు వేయించాడు.

ఇటలీ శ్రమపై నిలిచిన ప్రజాస్వామ్య గణతంత్రం అన్న మొదటి వాక్యంతో మొదలయ్యే ఆ రాజ్యాంగం 1948 జనవరి 1న అమల్లోకి వచ్చింది. ముస్సోలినీ మిగిల్చిన భయం దాని ప్రతి పుటలోనూ ఉంది. ఏ ఒక్కరి చేతిలోనూ అధికారం పోగుపడకూడదన్నదే రాసినవాళ్ల పట్టుదల. అందుకే సమాన అధికారాలున్న రెండు సభలు పెట్టారు. మంత్రివర్గానికి రెండింటి విశ్వాసమూ కావాలి. ఎన్నికలకు దామాషా పద్ధతి ఎంచుకున్నారు. ఎన్ని శాతం ఓట్లు వస్తే దాదాపు అన్ని సీట్లు. అంటే ఒంటరిగా మెజారిటీ రావడం దుర్లభం, పొత్తు తప్పనిసరి. ఎదుటి పక్షం గెలిస్తే తమ గతేమిటో ఎవరికీ తెలియని రోజులవి. ఎవరు గెలిచినా పూర్తిగా గెలవకుండా చూసుకోవడంలోనే అందరికీ భద్రత కనిపించింది.

కానీ ఆ ఇంటికి పైకప్పు వేసేలోపే కాపురం చెడింది. 1947 మేలో దె గాస్పెరి రాజీనామా చేసి, కమ్యూనిస్టులూ సోషలిస్టులూ లేని కొత్త మంత్రివర్గాన్ని ఏర్పరిచాడు. ఆంద్రెయోత్తి అడుగుపెట్టింది ఆ మంత్రివర్గంలోకే. ఐరోపా అప్పటికే రెండుగా చీలుతోంది. ఆకలితో ఉన్న ఇటలీకి అమెరికా గోధుమలు, బొగ్గు, డాలర్లు కావాలి. విచిత్రమేమిటంటే ప్రభుత్వంలో విడిపోయినవాళ్లు రాజ్యాంగ సభలో మరో ఏడు నెలలు పక్కపక్కన కూర్చుని రాజ్యాంగం పూర్తిచేశారు. ఇటలీ గణతంత్రం తరువాతి కాలంలో ఎన్ని దెబ్బలు తిన్నా కూలిపోకపోవడానికి ఆ ఏడు నెలల మర్యాదే పునాది అని నా నమ్మకం.

1948 ఏప్రిల్ 18

తొలి పార్లమెంటు ఎన్నికలు మామూలు ఎన్నికల్లా జరగలేదు. ఒకవైపు దె గాస్పెరి, ఇంకోవైపు కమ్యూనిస్టులూ సోషలిస్టులూ కలిసి నిలబెట్టిన ప్రజా కూటమి. కమ్యూనిస్టులు గెలిస్తే సహాయం ఆగిపోతుందని అమెరికా విదేశాంగ మంత్రి మార్షల్ బహిరంగంగానే చెప్పాడు. అమెరికాలో స్థిరపడ్డ ఇటాలియన్లు సొంత ఊళ్లలోని బంధువులకు ఎవరికి ఓటు వేయకూడదో చెబుతూ కుప్పలుతెప్పలుగా ఉత్తరాలు రాశారు. కొత్తగా పుట్టిన సీఐఏ రహస్యంగా డబ్బు పంపింది. కమ్యూనిస్టులకు మాస్కో నుంచి డబ్బు అందింది. చర్చి తరఫున ఊరూరా పౌర కమిటీలు వెలిశాయి. రెండు నెలల ముందు చెకొస్లొవేకియాలో కమ్యూనిస్టులు అధికారాన్ని చేజిక్కించుకున్న తీరు ఓటర్ల భయాన్ని రెట్టింపు చేసింది. ఫలితం: క్రిస్టియన్ డెమోక్రాట్లకు 48.5 శాతం ఓట్లు, 574 సీట్లలో 305. కూటమికి 31 శాతం.

ఆ ఎన్నికలతో ఒక రాయని చట్టం పుట్టింది. కమ్యూనిస్టులు పోటీ చేయవచ్చు, పత్రికలు నడపవచ్చు, సంఘాలు పెట్టవచ్చు, నగరాలను పాలించవచ్చు. దేశాన్ని మాత్రం పాలించకూడదు. 1949లో ఇటలీ నాటోలో చేరింది. అదే ఏడాది జూలైలో కమ్యూనిస్టు సిద్ధాంతాన్ని నమ్మి ప్రచారం చేసేవారిని వెలివేస్తున్నట్టు వాటికన్ ప్రకటించింది. ఒక ఇటాలియన్ రాజ్యాంగ పండితుడు ఆ తరువాత దీనికి లాటిన్‌లో బహిష్కరణ ఒప్పందం అని పేరు పెట్టాడు. అవతలి కొసన, కొత్త ఫాసిస్టుల పార్టీ కూడా అంటరానిదే. 1960లో తంబ్రోని అనే ప్రధాని వాళ్ల ఓట్ల మీద ఆధారపడి పాలించబోతే జెనోవాలో జనం తిరగబడ్డారు. జూలై 7న రెజ్జో ఎమీలియాలో పోలీసు కాల్పులకు అయిదుగురు బలయ్యారు. కొద్ది రోజుల్లోనే తంబ్రోని దిగిపోయాడు. ఆ తరువాత ఆ దారి తొక్కే సాహసం ఎవరూ చేయలేదు.

అంటే ప్రభుత్వం ఏర్పరచగలిగింది మధ్యలోని పార్టీలు మాత్రమే. క్రిస్టియన్ డెమోక్రాట్లు, వాళ్ల చుట్టూ లిబరల్, రిపబ్లికన్, సోషల్ డెమోక్రాట్ అనే చిన్న పార్టీలు, 1963 చివరి నుంచి సోషలిస్టులు. 90 శాతానికి పైగా ఓటర్లు పోలింగుకు వచ్చే దేశంలో, 1958 నుంచి 1979 వరకు జరిగిన ఆరు ఎన్నికల్లోనూ క్రిస్టియన్ డెమోక్రాట్లకు 38 నుంచి 42 శాతం మధ్యే ఓట్లు పడ్డాయి. ఓటరు కదలలేదు. కదిలినా ప్రభుత్వం మారదని ఓటరుకు తెలుసు.

ఇంటిలోపలి ఎన్నికలు

ప్రతిపక్షం ఎన్నటికీ గెలవలేనప్పుడు పాలక పక్షానికి బయటి శత్రువు ఉండడు. అప్పుడు పోటీ ఇంటిలోపలికి వస్తుంది. క్రిస్టియన్ డెమోక్రాటిక్ పార్టీలో జరిగింది అదే. చర్చి పిలుపుతో భూస్వామీ కూలీ, పారిశ్రామికవేత్తా కార్మిక నాయకుడూ ఒకే గొడుగు కిందికి వచ్చిన పార్టీ అది. దాంట్లో వర్గాలు పుట్టాయి. వాటిని అక్కడివాళ్లు ప్రవాహాలు అంటారు. ఫన్ఫానీది ఒక వర్గం, మోరోది ఒకటి, ఆంద్రెయోత్తిది ఒకటి. 1959లో రోమ్‌లోని సాంత దొరోతేయా మఠంలో సమావేశమైనవాళ్లకు దొరొతేయీలని పేరు స్థిరపడింది. ప్రతి వర్గానికీ సొంత కార్యాలయం, సొంత నిధులు, తరచుగా సొంత పత్రిక.

ఓటింగు విధానం దీనికి నీరు పోసింది. దిగువ సభ ఎన్నికల్లో ఓటరు పార్టీ గుర్తు మీద ముద్ర వేయడంతో ఆగకుండా, ఆ పార్టీ జాబితాలోంచి తనకు నచ్చిన ముగ్గురు నలుగురు అభ్యర్థులకు ప్రాధాన్య ఓట్లు కూడా వేయవచ్చు. పార్టీ గెలుపు ఖాయమే గనుక ఒకే పార్టీ అభ్యర్థులు ఒకరి మీద ఒకరు పోటీ పడేవారు. ఎవరికెన్ని ప్రాధాన్య ఓట్లు వచ్చాయన్నదే వర్గాల బలానికి కొలబద్ద అయింది. ఒక వర్గం బలం పెరిగితే దానికి మంత్రి పదవులు పెరగాలి. పెరగాలంటే ఉన్న మంత్రివర్గం పడిపోవాలి. వేరే దేశాల్లో సాధారణ ఎన్నికలు చేసే పనిని ఇటలీలో మంత్రివర్గ సంక్షోభం చేసింది.

అందుకే ఆ ప్రభుత్వాలు సభలో ఓడి పోయింది చాలా తక్కువ. పార్టీ కార్యదర్శులు ఎక్కడో ఒకచోట కూర్చుని మాట్లాడుకునేవారు, ప్రధాని దేశాధ్యక్షుడి దగ్గరకు వెళ్లి రాజీనామా ఇచ్చేవాడు, మూడు నాలుగు వారాల సంప్రదింపుల తరువాత పాత ముఖాలే కొత్త వరుసలో ప్రమాణం చేసేవి. ఈ పంపకానికి ఒక సూత్రం కూడా తయారైంది. మాస్సిమిలియానో చెంచెల్లి అనే పార్టీ ఉద్యోగి 1960ల చివర్లో, కంపెనీలో వాటాదారులు లాభాలు పంచుకున్నట్టు వర్గాలు పదవులు పంచుకోవాలని ఒక లెక్క గీశాడు. పార్టీ మహాసభలో ఒక వర్గానికి 12 శాతం బలం ఉంటే పదవుల్లోనూ అంతే దక్కాలి. ఏ శాఖ బరువెంత, ఒక పెద్ద శాఖకు ఎన్ని సహాయ మంత్రి పదవులు సమానం అన్నదీ అందులో ఉంది. నేటికీ ఇటలీ పత్రికల్లో చెంచెల్లి సూచిక అన్న మాట వినిపిస్తుంది.

పార్లమెంటు నియమాల్లోనూ ఒక చీకటి మూల ఉండేది. దిగువ సభలో బిల్లుల మీద తుది ఓటింగు రహస్యంగా జరిగేది. విశ్వాస తీర్మానానికి మాత్రం పేరు పిలిచి బహిరంగంగా ఓటు వేయాలి. దాంతో పాలక సభ్యులే పగలు ప్రభుత్వానికి చేయెత్తి, రహస్య పెట్టె దగ్గర దాన్ని పడగొట్టేవారు. చాటు నుంచి తుపాకి పేల్చేవాళ్లని వాళ్లకు పేరు. 1986 జూన్‌లో సోషలిస్టు నాయకుడు క్రాక్సి ప్రభుత్వం ఒక ఆర్డినెన్సు మీద విశ్వాసం గెలిచి, ఆ వెంటనే అదే ఆర్డినెన్సు మీద రహస్య ఓటింగులో ఓడిపోయింది. 1971లో ఒక్క దేశాధ్యక్షుణ్ణి ఎన్నుకోవడానికి 23 సార్లు ఓటింగు జరపాల్సి వచ్చింది. 1988లో రహస్య ఓటింగును చాలావరకు ఎత్తేశారు.

1953లో దె గాస్పెరి దీన్నంతా సరిచేయాలని చూశాడు. సగానికి మించి ఓట్లు తెచ్చుకున్న కూటమికి 65 శాతం సీట్లు ఇచ్చే చట్టం తెచ్చాడు. ప్రతిపక్షం దానికి మోసపు చట్టమని పేరు పెట్టింది, ఆ పేరే నిలిచిపోయింది. ఎన్నికల్లో ఆయన కూటమి 49.8 శాతం దగ్గర ఆగిపోయింది. అదనపు సీట్లు దక్కలేదు, మరుసటి ఏడు చట్టం రద్దయింది, ఆ వేసవిలోనే దె గాస్పెరి కన్నుమూశాడు. ఎన్నికల చట్టం జోలికి వెళ్లాలంటే ఆ తరువాత 40 ఏళ్లపాటు నాయకులు జంకారు.

సిఫారసు రాజ్యం

ఓటరుకు ప్రభుత్వాన్ని మార్చే శక్తి లేకపోతే, ఓటుకు బదులుగా ఏం అడుగుతాడు? ఉద్యోగం అడుగుతాడు. పింఛను, కాంట్రాక్టు, ఆసుపత్రిలో మంచం అడుగుతాడు. ముఖ్యంగా పేద దక్షిణాదిలో ఇది నిత్యజీవితమైపోయింది. రాజరికానికి ఓటు వేసిన దక్షిణాదికి గణతంత్రం పరిచయమైంది పార్టీ మనిషి రాసిచ్చిన సిఫారసు ఉత్తరం రూపంలో. 1950లో దక్షిణాది అభివృద్ధి నిధి ఏర్పడింది, రోడ్లూ ఆనకట్టలూ మంచినీళ్లూ నిజంగానే వచ్చాయి. వాటితోపాటే ఆ డబ్బు ఎవరి చేతి మీదుగా వస్తోందో గుర్తుంచుకునే ఓటరూ తయారయ్యాడు. వైకల్యం లేనివాళ్లకు వైకల్య పింఛన్లు, పని లేని కార్యాలయాల్లో కొలువులు దొరికాయి. మంత్రివర్గానికి కింద బ్యాంకులు, ఆసుపత్రులు, ప్రభుత్వ రంగ సంస్థలు అన్నీ పార్టీల వాటాలుగా మారాయి. ప్రభుత్వ టెలివిజన్ కూడా అంతే. 1980ల చివరికి మొదటి చానెల్ క్రిస్టియన్ డెమోక్రాట్లది, రెండోది సోషలిస్టులది, మూడోది కమ్యూనిస్టులది అని అందరికీ తెలుసు.

మూడో చానెల్ కమ్యూనిస్టులదేమిటని అడగవచ్చు. అక్కడే ఈ వ్యవస్థలోని మరో మడత ఉంది. బహిష్కృతులైన కమ్యూనిస్టులు ఎప్పుడూ పూర్తిగా బయట లేరు. బొలోన్యా లాంటి నగరాలను వాళ్లే పాలించారు, ఎమీలియా, తొస్కానా, ఉంబ్రియాలు వాళ్ల కోటలు. పార్లమెంటు కమిటీలకు కొన్ని బిల్లులను సభకు తేకుండా తామే ఆమోదించే అధికారం ఉంది. అలా నెగ్గిన చట్టాల్లో ఎక్కువ భాగం కమ్యూనిస్టుల సమ్మతితోనే నెగ్గాయి. బయట వీధిలో బద్ధశత్రువులు, కమిటీ గదిలో సహచరులు.

ఇలాంటి ప్రభుత్వాల కింద దేశం ఎలా ఎదిగిందన్న ప్రశ్నకూ జవాబు ఇక్కడే కొంత దొరుకుతుంది. 1958 నుంచి 1963 వరకు ఇటలీ ఆర్థిక వ్యవస్థ పరుగెత్తింది. దక్షిణాది పల్లెల నుంచి లక్షల మంది రైలెక్కి ట్యూరిన్, మిలాన్ కర్మాగారాలకు వెళ్లారు. మంత్రులు మారినా విధానాలు మారలేదు. నాటో, ఐరోపా ఉమ్మడి మార్కెట్, బలమైన ప్రభుత్వ రంగం అన్నవి అందరు ప్రధానులకూ ఒకటే. 1970లో కార్మికుల హక్కుల చట్టం, విడాకుల చట్టం వచ్చాయి. 1978లో జాతీయ ఆరోగ్య సేవ వచ్చింది. విడాకుల చట్టాన్ని రద్దు చేయాలని చర్చి మద్దతుతో 1974లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే 59 శాతం మంది చట్టం ఉండాలన్నారు. చర్చి మాట విని ఓటు వేసిన 1948 నాటి ఇటలీ అప్పటికే వెళ్లిపోయింది, దాన్ని పాలించినవాళ్లే మిగిలారు.

ఇద్దరు మనుషులు, ఒక తలుపు

1969 డిసెంబరు 12న మిలాన్‌లోని ఫొంతానా కూడలిలో ఒక బ్యాంకులో బాంబు పేలి 17 మంది చనిపోయారు. పోలీసులు ముందు అరాచకవాదుల వెంట పడ్డారు. అది కొత్త ఫాసిస్టుల పని అని న్యాయస్థానాలు తేల్చడానికి దశాబ్దాలు పట్టింది. అలా మొదలైన కాలాన్ని ఇటాలియన్లు సీసపు ఏళ్లు అంటారు, తుపాకి గుండ్లలోని సీసం. ఒకవైపు జనసమ్మర్దంలో బాంబులు పెట్టే తీవ్ర మితవాదులు, వాళ్లను కాపాడిన నిఘా అధికారులు. ఇంకోవైపు పార్లమెంటులోని కమ్యూనిస్టులు విప్లవానికి ద్రోహం చేశారంటూ న్యాయమూర్తులను, పాత్రికేయులను, కార్మిక నాయకులను కాల్చిన ఎర్ర దళాలు. 1980 ఆగస్టు 2న బొలోన్యా రైల్వే స్టేషన్లో బాంబుకు 85 మంది బలయ్యారు.

ఆ చీకట్లో ఇద్దరు నాయకులు మూసిన తలుపును తెరవాలని చూశారు. 1973 సెప్టెంబరులో చిలీలో ఎన్నికైన వామపక్ష ప్రభుత్వాన్ని సైన్యం కూల్చేసింది. ఆ వార్త విని కమ్యూనిస్టు నాయకుడు ఎన్రికో బెర్లింగ్వెర్ ఒక నిశ్చయానికి వచ్చాడు. 51 శాతం ఓట్లతో గెలిచినా వామపక్షం ఇటలీని పాలించలేదు, కాథలిక్ జనంతో రాజీ కావాలి. దానికి చారిత్రక రాజీ అని పేరు పెట్టాడు. 1976 ఎన్నికల్లో ఆయన పార్టీకి 34.4 శాతం ఓట్లు వచ్చాయి, క్రిస్టియన్ డెమోక్రాట్లకు 38.7. ఇక కమ్యూనిస్టులను కాదని ప్రభుత్వం నడపడం కష్టమైపోయింది. ఆంద్రెయోత్తి ఏర్పరిచిన మంత్రివర్గంలో వాళ్లకు చోటు లేదు, కానీ వాళ్లు వ్యతిరేకంగానూ ఓటు వేయలేదు. దాన్ని అవిశ్వాసం లేని ప్రభుత్వం అన్నారు. విశ్వాసం ఉందని అనలేక, లేదని అనలేక పుట్టిన మాట అది.

అవతల క్రిస్టియన్ డెమోక్రాట్లలో తలుపు దగ్గర నిలబడినవాడు ఆల్దో మోరో. న్యాయశాస్త్ర ఆచార్యుడు, మెత్తగా, మెలికలు తిరిగిన వాక్యాలతో మాట్లాడే మనిషి. 1963లో సోషలిస్టులను ప్రభుత్వంలోకి తెచ్చింది ఆయనే. 1978 ఫిబ్రవరి 28న, కమ్యూనిస్టులను పాలక కూటమి మద్దతుదారులుగా అంగీకరించమని తన పార్టీ సభ్యులను ఒప్పించాడు. మార్చి 16 ఉదయం కొత్త మంత్రివర్గానికి కమ్యూనిస్టులు 1947 తరువాత తొలిసారి అనుకూలంగా ఓటు వేయాలి. సభకు బయలుదేరిన మోరో కారును ఫానీ వీధిలో ఎర్ర దళాలు అడ్డగించాయి. అంగరక్షకులు అయిదుగురినీ చంపి ఆయన్ను ఎత్తుకుపోయాయి.

55 రోజులు. బందీగా మోరో తన పార్టీవాళ్లకు ఉత్తరం వెంట ఉత్తరం రాశాడు, ఖైదీల మార్పిడికి ఒప్పుకుని తనను విడిపించమని వేడుకున్నాడు. ప్రభుత్వం ససేమిరా అంది. కమ్యూనిస్టులు అంతకన్నా గట్టిగా అన్నారు, రాజ్యం లొంగకూడదని. చర్చలు జరపమన్నది సోషలిస్టు నాయకుడు క్రాక్సి. మే 9న రోమ్‌లో కయెతానీ వీధిలో ఒక ఎర్ర రెనో కారు వెనుక భాగంలో మోరో మృతదేహం దొరికింది. ఆ వీధికి రెండువైపులా కొద్ది నిమిషాల నడకలో రెండు పార్టీల ప్రధాన కార్యాలయాలూ ఉన్నాయి. రాజ్య లాంఛనాలు వద్దని కుటుంబం చిన్న పల్లెలో ఖననం చేసుకుంది. నాయకులంతా హాజరైన అధికారిక ప్రార్థన మృతదేహం లేకుండానే జరిగింది, పోప్ ఆరవ పాల్ స్వయంగా వచ్చాడు.

రాజ్యం లొంగకపోవడం సరైనదే కావచ్చు. కానీ ఆ ఉత్తరాలు చదివినవారెవరికైనా, ఒక మనిషిని కాపాడే ప్రయత్నం కూడా చేయలేకపోయిన ఆ మౌనం మనసులో ముల్లులా మిగులుతుంది. రాజకీయంగా తలుపు మళ్లీ మూసుకుంది. 1979 జనవరిలో కమ్యూనిస్టులు మద్దతు ఉపసంహరించుకున్నారు, ఎన్నికల్లో నాలుగు శాతం ఓట్లు పోగొట్టుకున్నారు. బెర్లింగ్వెర్ 1981లో ఒక ముఖాముఖిలో, పార్టీలు రాజ్యాన్ని ఆక్రమించుకున్నాయని, దేశం ముందున్న అసలు ప్రశ్న నైతికమైనదని అన్నాడు. అప్పట్లో అది ఓడిపోయినవాడి నిష్ఠూరంలా వినిపించింది. 1984 జూన్‌లో ఎన్నికల సభలో మాట్లాడుతూ కుప్పకూలి, నాలుగు రోజులకు ఆయన చనిపోయాడు. ఆ వెంటనే జరిగిన ఐరోపా పార్లమెంటు ఎన్నికల్లో కమ్యూనిస్టులకు క్రిస్టియన్ డెమోక్రాట్లకన్నా కొద్ది ఓట్లు ఎక్కువ పడ్డాయి. జాతీయ స్థాయి పోరులో అలా జరగడం అదొక్కసారే.

కూలిన రోజులు

1980లు ధగధగలాడాయి. 1981 మార్చిలో లీచో జెల్లి అనే వ్యక్తి నడిపిన రహస్య మండలి సభ్యుల జాబితా దొరికింది. మంత్రులు, సైన్యాధికారులు, నిఘా అధిపతులతో సహా 962 పేర్లు. ఆ దెబ్బకు ఫొర్లానీ ప్రభుత్వం పడి, స్పదోలీని అనే రిపబ్లికన్ తొలి క్రిస్టియన్ డెమోక్రాటేతర ప్రధాని అయ్యాడు. 1983లో 11.4 శాతం ఓట్లున్న సోషలిస్టు పార్టీ నాయకుడు బెత్తీనో క్రాక్సి ప్రధాని అయ్యాడు. ఆయన లేకుండా లెక్క కుదరదు గనుక ఆయన అడిగిందే ధర. మూడేళ్లు కుదురుగా పాలించాడు, అప్పటికి అది రికార్డు. అయిదు పాలక పార్టీల పంపకానికి డబ్బు అప్పు నుంచి వచ్చింది. దశాబ్దం మొదట్లో జాతీయోత్పత్తిలో 60 శాతం దగ్గరున్న ప్రభుత్వ రుణం 1990ల మొదటికి 100 శాతం దాటింది.

1989 నవంబరులో బెర్లిన్ గోడ కూలింది. 1991 ఫిబ్రవరిలో కమ్యూనిస్టు పార్టీ తన పేరూ గుర్తూ మార్చుకుంది. దాన్ని ఆపడానికి నిలబడ్డామన్నదే పాలక పార్టీలకు ఉన్న అతి పెద్ద సాకు. భయం పోయాక, ముక్కు మూసుకుని ఓటు వేసినవాళ్లు మూసుకోవడం మానేశారు. ప్రాధాన్య ఓట్లను ఒకటికి తగ్గించాలని 1991 జూన్‌లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే, సముద్ర తీరానికి వెళ్లమని క్రాక్సి జనానికి సలహా ఇచ్చాడు. జనం పోలింగుకే వచ్చారు, 95 శాతం అవునన్నారు.

1992 ఫిబ్రవరి 17న మిలాన్‌లో ఒక వృద్ధాశ్రమం అధిపతి, సోషలిస్టు నాయకుడు మారియో కియేజా, పారిశుధ్య కాంట్రాక్టరు నుంచి 70 లక్షల లీరాలు లంచం తీసుకుంటూ పట్టుబడ్డాడు. వాడొక చిల్లర దొంగ అని క్రాక్సి విదిల్చేశాడు. విదిల్చేసిన మనిషి నోరు విప్పాడు. ఆంతోనియో ది పియెత్రో అనే న్యాయాధికారి ముందు పారిశ్రామికవేత్తలు వరుస కట్టారు. ప్రతి కాంట్రాక్టులోనూ పార్టీలకు ముందే స్థిరపడ్డ శాతాలు ఉన్నాయని తేలింది. మిలాన్‌కు ముడుపుల నగరమని పేరొచ్చింది. ఏప్రిల్ ఎన్నికల్లో క్రిస్టియన్ డెమోక్రాట్లు తొలిసారి 30 శాతానికి దిగువకు పడిపోయారు. మే 23న సిసిలీలో మాఫియాను వెంటాడిన న్యాయమూర్తి జొవాన్ని ఫాల్కోనెను, ఆయన భార్యను, ముగ్గురు అంగరక్షకులను రహదారి కింద పెట్టిన బాంబు చంపింది. జూలైలో ఆయన సహచరుడు బోర్సెల్లీనోను చంపారు.

జూలై 3న క్రాక్సి దిగువ సభలో లేచి నిలబడ్డాడు. పార్టీల నిధుల్లో అధిక భాగం అక్రమమైనదేనని, అది కాదని ప్రమాణం చేయగల పార్టీ బాధ్యుడు ఈ సభలో ఒక్కడూ లేడని అన్నాడు. ఎవరూ లేవలేదు. 1994 జనవరిలో క్రిస్టియన్ డెమోక్రాటిక్ పార్టీ రద్దయింది. క్రాక్సి ట్యునీషియాకు వెళ్లిపోయి 2000లో అక్కడే మరణించాడు. 1994 మార్చి ఎన్నికల్లో, రెండు నెలల ముందే పార్టీ పెట్టిన టెలివిజన్ అధిపతి సిల్వియో బెర్లుస్కోని గెలిచాడు.

రెండేళ్లకు వామపక్ష కూటమి నెగ్గింది. 1996 మేలో ప్రమాణం చేసిన మంత్రివర్గంలో హోం శాఖ జోర్జో నపోలితానోకు దక్కింది. 1945లో, 20 ఏళ్ల వయసులో, నేపుల్స్‌లో కమ్యూనిస్టు పార్టీలో చేరినవాడు. తన పార్టీ సభ్యుల మీద దస్త్రాలు నడిపిన పోలీసు వ్యవస్థ ఉండే విమినాలే భవనంలోకి, దాని మంత్రిగా అడుగుపెట్టాడు. దె గాస్పెరి కమ్యూనిస్టులను బయటికి పంపి అప్పటికి 49 ఏళ్లయింది. ఆంద్రెయోత్తి అప్పుడు సెనేట్‌లో జీవితకాల సభ్యుడు. మాఫియాతో సంబంధాల ఆరోపణ మీద పాలెర్మో న్యాయస్థానంలో విచారణ ఎదుర్కొంటున్నాడు.